ఎంత కొట్టమంటారు?

కొండదారిలో మూతబడ్డ పెట్రోలు బంకు ఒకటుంది. పగలు చూస్తే దాన్లో భయపడాల్సిందేమీ కనపడదు. రేకుల పైకప్పు, దానికింద గోనెపట్టాలు చుట్టిన రెండు పంపులు, అంకెలు రాలిపోయిన ధరల బోర్డు, గోడకి వేలాడే గాలి పైపు. అంతే. చీకటి పడ్డాక మాత్రం ఆ దారిన పోయే లారీవాళ్ళు కూడా అక్కడ వేగం తగ్గించరు. అటువైపు మొహం తిప్పరు.

ఎందుకంటే… అక్కడ ఒకడున్నాడు.

బంకు నడిచే రోజుల్లో రాత్రి డ్యూటీ వాడిదేనట. ఒకసారి ఎవరో పెద్దమనిషి కాళ్ళకింద నిప్పులు పోసుకున్నట్టు వచ్చాడు. పెట్రోలు పడుతోంది, పైపు ఇంకా టాంకులోనే ఉంది, ఆ మహానుభావుడు బండి లాగించేశాడు. పైపు తెగింది. పైపు పట్టుకున్న మనిషిని బండి రోడ్డుదాకా ఈడ్చుకుపోయింది. బండి ఆగలేదు. వాడు తెల్లారేదాకా బతకలేదు.

అప్పట్నుంచీ రాత్రిపూట ఏ బండి అక్కడ నెమ్మదించినా, టాంకు మూత మీద రెండు దెబ్బలు వినపడతాయి. టక్… టక్. ఆ తర్వాత కిటికీ పక్కన, చెవిలో చెప్పినట్టు, ఒకే మాట.

"ఎంత కొట్టమంటారు?"

దానికి జవాబు చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. చెప్పేదాకా నిలబడేదెవరు? బండి వదిలేసి ప్రాణాలు అరచేత పట్టుకుని కొండ దిగినవాళ్ళున్నారు. జ్వరం తెచ్చుకుని మంచం పట్టినవాళ్ళున్నారు. అందులో నిజమెంతో, నోళ్ళు మారుతూ పెరిగిందెంతో ఎవరికి తెలుసు? నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, పెట్రోలు బంకు దగ్గర నిప్పు మాట ఎత్తకూడదు.

సరే, ఇప్పుడు బ్రేకమ్మ సంగతికొద్దాం.

ఆవిడకి అసలు పేరు ఒకటుంది, అది లైసెన్సు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. డ్రైవింగు స్కూలు నడిపేది. ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. నేర్చుకునేవాడు స్టీరింగు ముందు, ఆవిడ పక్క సీట్లో, ఆవిడ కాలికింద ఇంకో బ్రేకు. వాడు చెయ్యి తిరగక గోడ మీదికి పోనిచ్చినా, బస్సుకి ఎదురెళ్ళినా, బండి గప్పున ఆగేది. కొందరు అదేదో తమ ప్రతాపమే అనుకుని మీసం కూడా తిప్పేవాళ్ళు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. ఆ పేరు అలా వచ్చింది.

మొగుడు చనిపోయిన ఏడాది కూడా ఆవిణ్ణి నిలబెట్టింది ఆ సీటే. కానీ ఒకటి చెప్పుకోవాలి. అన్నేళ్ళూ ఆవిడది పక్క సీటే. స్టీరింగు ఎవరిదో, ఎక్కడికెళ్ళాలన్న సరదా ఎవరిదో. భయం, బ్రేకు మాత్రం ఆవిడవి. జుట్టు నెరిసేదాకా అదే పని. ఒకరోజు స్కూలుని శిష్యురాలికి అమ్మేసి, చేతులు దులుపుకుని, వెళ్ళి కారు కొనుక్కొచ్చింది.

అలాంటిలాంటి కారు కాదు. ముదురు నీలం రంగు, రెండే తలుపులు, నేలకి పొట్ట ఆనుతుందేమో అన్నంత కిందికి ఉంటుంది. కూర్చోవాలంటే మోకాళ్ళని బతిమాలుకోవాలి. పెట్రోలు లేదు, డీజిలు లేదు, అంతా కరెంటే. ఇంజను చప్పుడన్నది ఉండదు. ఎక్సలేటరు మీద కాలు పెడితే వీపుని సీటుకి ఎవరో అదిమిపట్టినట్టుంటుంది. కాలు తీస్తే దానంతటదే నెమ్మదిస్తుంది. బ్రేకు తొక్కే అవసరమే రాదు. జీవితమంతా బ్రేకు తొక్కిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి? మొదటిరోజు ఊరి చుట్టూ తిరిగొచ్చి, కారులోంచి దిగకుండా కాసేపు ఏడ్చింది. దుఃఖంతో కాదు.

ఇంట్లో మాత్రం గొడవ మొదలైంది.

ఆవిడకి ఒక తమ్ముడు. పై వాటాలో పెళ్ళాంతో ఉంటాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. పొద్దస్తమానం నుజ్జయిన బండ్ల ఫొటోలు చూసి నష్టం లెక్కగట్టడమే పని. వాడి కంటికి రోడ్డు మీద తిరిగే ప్రతి కారూ రేపటి తుక్కే.

"ఈ వయసులో నీకిదేం పిచ్చక్కా?" అన్నాడు కారు చూసి.

"ఏ వయసులో పట్టాలో చెప్పరా. ఆ వయసుకి తిరిగెళ్ళి కొనుక్కొస్తా."

"కొనుక్కున్నావు, బాగానే ఉంది. షెడ్డులో పెట్టి చూసుకో."

"చూసుకోడానికైతే క్యాలెండరు కొనుక్కునేదాన్ని."

మరదలు పక్కకి తిరిగి నవ్వుకుంది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. అయినా మంచివాడే. కారు వచ్చిన రోజున తనే దగ్గరుండి అక్క ఫోన్లో యాప్ ఎక్కించాడు. ఈ కాలం బండ్లకి ఫోనే తాళం కదా. ఇంట్లోంచే తలుపులు వెయ్యొచ్చు, తియ్యొచ్చు, ఏసీ పెట్టొచ్చు. "నీకివన్నీ ఎక్కడ తెలుస్తాయి, ఇలా ఇవ్వు" అని ఫోను లాక్కుని చాలాసేపు నొక్కాడు. ఆవిడ కాదనలేదు. తమ్ముడే కదా.

కొన్నాళ్ళకి కారు వింతలు మొదలుపెట్టింది. రాత్రి ప్లగ్గు పెట్టి పడుకుంటే పొద్దునకి సగమే నిండేది. ఒకసారి అందరూ నిద్రలో ఉండగా షెడ్డులో దానంతటదే హారను కొట్టింది. ఇంకోసారి కిటికీలు తెరుచుకుని, వానకి సీట్లన్నీ తడిసిపోయాయి. షోరూమువాళ్ళు వచ్చి చూసి, ఏ లోపమూ లేదని వెళ్ళిపోయారు.

"ఈ బండికేదో పట్టిందక్కా," అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి. "తిరిగిచ్చేద్దాం. వాళ్ళు తీసుకుంటారు. నేను మాట్లాడాను."

"నిన్నెవరు మాట్లాడమన్నారు?"

ఆ రాత్రి భోజనాల దగ్గర మాటామాటా పెరిగింది. చివరికి తమ్ముడు చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి నిలబడ్డాడు.

"సరే. పందెం. ఇప్పుడే కొండదారిన వెళ్ళు, ఒంటరిగా. ఆ బంకులో పంపు ముందు బండి ఆపి ఫొటో తీసి పంపు. ఎవరికీ ఫోను చెయ్యకుండా, బండితోసహా ఇంటికి వస్తే జన్మలో నీ కారు ఊసెత్తను. ఫోను చేశావో, బండి అక్కడ వదిలేశావో… తాళం నా చేతిలో పెట్టాలి. కారు వెనక్కి పోతుంది."

"ఆ బంకా?" అంది మరదలు. "వదినా, వద్దు. ఆయన నోటికి హద్దూ పద్దూ లేదు. మీరు పట్టించుకోకండి."

బ్రేకమ్మ అప్పటికే రుమాలుతో చెయ్యి తుడుచుకుంటోంది.

"మాట అనేశాడుగా. వాడికి వాడి మాట దక్కనీ," అంది.

కారులో కూర్చుని తెర చూస్తే ఛార్జింగు సగానికి తక్కువుంది. నిన్న రాత్రంతా ప్లగ్గు పెట్టిందే, మళ్ళీ నిండలేదు. ఇప్పుడు పైకెళ్ళి ఆ మాట చెబితే వెనక్కి తగ్గిందంటారు. కొండ చుట్టి రావడానికి ఇది చాలు, జాగ్రత్తగా పోతే. అనుకుంది గానీ, జాగ్రత్తగా పోవడం ఆవిడ వల్ల కాలేదు. ఖాళీ రోడ్డు, మలుపు మీద మలుపు, ఒక్క చప్పుడు లేకుండా చీకట్లోకి దూసుకుపోయే బండి. అద్దంలో తన మొహం తనకే చిన్నపిల్లలా కనపడింది. ఎవడికోసం ఆపాలి? ఆపలేదు.

సగం కొండ ఎక్కాక కారులో వేడి మొదలైంది. హీటరు దానంతటదే ఫుల్లుగా ఆన్ అయింది. ఆపితే మళ్ళీ వచ్చింది. ఛార్జింగు చూస్తుండగానే దిగిపోతోంది.

బంకు దగ్గరికి వచ్చేసరికి నాలుగు శాతం.

ముందు ఇంకో ఎత్తు ఉంది. అది ఎక్కితేనే అవతల ఇంటివైపు దిగుడు. తెర మీద ఎర్రటి అక్షరాలతో వస్తోంది, ఇంటిదాకా చాలదని.

పందెం పందెమే. రెండు పంపుల మధ్య ఆపింది. గోనెపట్టాలు గాలికి కొద్దిగా ఊగుతున్నాయి. ఎక్కడో రేకు కిర్రుమంటోంది. ఫొటో తీసి తమ్ముడికి పంపింది.

ఆ వెంటనే… హారను మోగింది.

ఆవిడ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. హారను ఆగింది. మళ్ళీ మోగింది. లైట్లు ఆరాయి, వెలిగాయి, ఆరాయి. వెలిగినప్పుడల్లా గోనెపట్టాలు చుట్టుకున్న ఆ పంపులు ముసుగేసుకుని నిలబడ్డ మనుషుల్లా కనపడుతున్నాయి. రెండు కిటికీలూ సర్రున కిందికి దిగిపోయాయి. చలిగాలి మెడ మీద పడింది. 

వెనక… టప్. ఛార్జింగు మూత తెరుచుకుంది.

ఆవిడ తిరిగి చూడలేదు. తల తిరగలేదు, నిజం చెప్పాలంటే. అప్పుడే ఫోను వెలిగింది. తమ్ముడి మెసేజి. "అక్కా, బానే ఉన్నావా? భయంగా ఉంటే ఒక్క ఫోను చెయ్యి. వచ్చేస్తా."

వేలు తమ్ముడి నంబరు మీదికి పోయింది. ఒక్కసారి నొక్కితే చాలు, వాడు వచ్చేస్తాడు. ఈ చీకటి, ఈ చప్పుళ్ళు, అన్నీ పోతాయి. కారు కూడా పోతుంది. రేపట్నుంచి మళ్ళీ పక్క సీటు.

తల ఎత్తి అద్దంలోకి చూసింది. అందులో ఉన్న మొహం ఆవిడకి బాగా తెలుసు. ఎన్ని వందలసార్లు చూసిందో. వాడు బ్రేకు తొక్కకుండానే బండి ఆగిపోయినప్పుడు, నేర్చుకునేవాడి మొహం అచ్చం అలాగే ఉంటుంది. నోరు తెరుచుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఏం జరిగిందో తెలియక. ఆ మొహాన్ని పక్కనుంచి చూడ్డమే గానీ, తన మీద చూసుకోవడం ఇదే మొదలు.

అంటే… పక్క సీట్లో ఎవరో ఉన్నారు.

పక్కకి చూసింది. సీటు ఖాళీ. కానీ ఈ బండికి రెండో బ్రేకు కాలికిందే ఉండాలని ఏముంది?

హారను, లైట్లు, కిటికీలు, హీటరు, మూత. దెయ్యమైతే ఇంకేమైనా చెయ్యొచ్చు. చచ్చి సాధించేవాడికి మనిషి గొంతు పట్టుకోవడానికి ఏం అడ్డు? ఇదేమిటి, ఫోన్లో ఉన్న బొత్తాలు తప్ప ఇంకోటి చేతకాని దెయ్యం? నిండని ఛార్జింగు, అర్ధరాత్రి హారను, వానలో కిటికీలు, అన్నీ ఒక్కొక్కటే వరసలో వచ్చి నిలబడ్డాయి.

తెర మీద తాళాల పేజీ తెరిచింది. షోరూములో అమ్మాయి ఒకసారి చూపించింది. తాళాలు రెండున్నాయి. ఒకటి ఆవిడ ఫోను. రెండోది తమ్ముడి ఫోను.

భయమంతా పోయింది. దాని స్థానంలో కోపం వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. పాలు తాగడం మానని రోజుల్నుంచీ చంకనేసుకుని తిప్పిన తమ్ముడు. క్లచ్చు ఏదో బ్రేకు ఏదో తెలియకపోతే మూడుసార్లు పరీక్షకి తీసుకెళ్ళి లైసెన్సు ఇప్పించిన తమ్ముడు. రెండో తాళం మీద వేలు పెట్టి తీసేసింది.

హీటరు ఆగింది. లైట్లు నిలకడగా వెలిగాయి. ఎక్కడా చప్పుడు లేదు. కిటికీలు మూద్దామని చెయ్యి చాచింది.

టక్… టక్.

వెనక. మూత దగ్గర.

గాలి కూడా ఆగిపోయింది. చెవి పక్కన, తెరిచి ఉన్న కిటికీలోంచి, అలిసిపోయిన గొంతు ఒకటి మెల్లగా అడిగింది.

"ఎంత కొట్టమంటారు?"

కిటికీ బయట ఎవరూ లేరు. అద్దంలో ఎవరూ లేరు. ఇంకొకరైతే ఏం చేసేవాళ్ళో గానీ, బ్రేకమ్మ కోపం అప్పటికింకా పొయ్యి మీదే ఉంది. వీడు ఇంకా ఊరుకోలేదన్నమాట. ఎవడినో మనిషిని పెట్టాడు, చీకట్లో నక్కి ఆడుతున్నాడు.

"ఎంతా?" అంది, స్కూల్లో గొంతుతో. "అడిగినవాడివి సరిగ్గా విను. ఫుల్ కొట్టు. నిండా, పొర్లిపోయేట్టు కొట్టు. ఎవడి దయా లేకుండా ఎంత దూరమైనా పొయ్యేటంత కొట్టు. కొట్టే దమ్ము లేకపోతే ఆ మూత వేసి పక్కకి తప్పుకో. ఆడది ఒంటరిగా ఉందని ఆటలాడుతున్నావా? నీలాంటివాళ్ళని రోజుకో డజనుమందిని రోడ్డు మీద నిలబెట్టి తిట్టినదాన్ని."



గోనెపట్టా కింద ఏదో గిర్రున తిరుగుతున్న చప్పుడు వచ్చింది. కాసేపు అలా తిరిగి ఆగింది. గాలి అనుకుంది. వెనక మూత టప్పుమని మూసుకుంది. బండి వీపు మీద అరచేత్తో రెండు చరుపులు పడ్డాయి, ఇక పోవచ్చన్నట్టు. బంకుల్లో కొట్టడం అయిపోయాక చరుస్తారే, అలా.

"వేషాలు," అనుకుంది ఆవిడ, కిటికీలు మూస్తూ.

ఇక ఉన్నదల్లా ఆ ఎత్తు ఎక్కడమే. నాలుగు శాతంతో. ఇలాంటప్పుడు ఆవిడకి ఒక పద్ధతుంది. నేర్చుకునేవాడు భయపడి పొద్దస్తమానం మీటరు కేసి చూస్తుంటే, రుమాలు తీసి మీటరు మీద కప్పేసేది. "అంకెలు బండి నడపవు. రోడ్డు చూడు," అనేది. ఇప్పుడు తన రుమాలు తనే తీసి తెర మీద కప్పింది. ఆగిపోతే ఆగిపోయినచోటే చూసుకుందాం, ఆగకముందే చావడం దేనికి? కాలు పెట్టింది.

బండి ఎక్కింది. ఈ మలుపులో ఆగుతుంది, ఆ మలుపులో ఆగుతుంది అనుకుంటూనే ఉంది. ఆగలేదు. పైకెక్కి, అవతలికి దిగి, ఇంటి వీధిలోకి తిరిగింది. ఒక్క బ్రేకు తొక్కలేదు.

తమ్ముడు గేటు దగ్గరే ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కన మరదలు.

"అక్కా… నా ఫోన్లోంచి నీ బండి పోయింది."

"పోలేదురా. నిన్నే దింపేశాను."

వాడు తల వంచుకున్నాడు. మరదలికి సంగతి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక మొగుడికేసి చూసిన చూపుకి ఇంకొకడైతే అక్కడే బూడిదయ్యేవాడు.

"హారనూ, లైట్లూ నేనే," అన్నాడు చివరికి. "కిటికీలు, హీటరు, మూత కూడా. ఛార్జింగూ నేనే ఆపేవాణ్ణి. రోజూ ఆఫీసులో ఏం చూస్తానో నీకు తెలీదక్కా. తలుపులు కోసి మనుషుల్ని బయటికి తీసిన ఫొటోలు. ప్రతిదాన్లోనూ నువ్వే కనపడతావు. నీకేమైనా అయితే నాకెవరున్నారు?"

  ఆవిడ మాత్రం మెత్తబడలేదు.

"భయం నీదైతే బ్రేకు నీ బండిలో తొక్కుకో. నా కాలికింద పెట్టకు. అంతటితో ఆగావా? ఆ చీకట్లో ఎవడినో పెట్టి అడిగించావే, ఎంత కొట్టమంటారని. వాడెవడు?"

తమ్ముడు తలెత్తాడు.

"ఎవడు?"

"మూత మీద కొట్టి అడిగినవాడు. బండి మీద చరిచినవాడు."

"నేనెవర్నీ పంపలేదక్కా." మాట సన్నగా వచ్చింది. "ఆ బంకుకి… డబ్బులిచ్చినా ఎవరొస్తారు?"

 మరదలు మెల్లగా కారు వెనక్కి వెళ్ళింది. మూత నున్నగా మూసి ఉంది. దాని మీద నాలుగు వేళ్ళ మరక, నల్లగా. వంగి వాసన చూసి, గబుక్కున వెనక్కి జరిగింది.

"పెట్రోలు," అంది.

కరెంటు బండి మీద పెట్రోలు మరక. తమ్ముడు గేటు ఊచ పట్టుకున్నాడు. మరదలు కారు తలుపు తీసి, లోపలికి వంగి, తెర మీది రుమాలు లాగింది.

"వదినా… ఇది నూరు చూపిస్తోంది."

"దిగుడు కదా," అన్నాడు తమ్ముడు, నీళ్ళు నములుతూ. "దిగుడులో ఈ బండ్లు కొంచెం నింపుకుంటాయి…"

"నాలుగు నూరవుతుందట్రా? అలాగైతే కంపెనీవాడు ప్లగ్గు ఎందుకిచ్చాడు?"

అడిగినవాడెవడో బ్రేకమ్మకి అప్పుడు తెలిసింది. కారుకి ఆనుకుని నిలబడింది. ఒళ్ళంతా చల్లబడింది, తర్వాత ఎందుకో నవ్వొచ్చింది. అన్నేళ్ళుగా అక్కడ నిలబడి, వచ్చిన ప్రతివాణ్ణీ ఒకే మాట అడుగుతున్నాడు. ఒక్కడూ జవాబు చెప్పకుండా పారిపోయాడు. ఆ పని సగంలోనే ఆగిపోయింది పాపం. ఇవాళ్టికి ఒకళ్ళు ఆగి, ఎంతో చెప్పారు.

తమ్ముడు చేతులు జోడించాడు. "ఇంక ఆ దారిన వెళ్ళకక్కా. నీకు దణ్ణం పెడతా."

ఆవిడ వాడి చేతులు పట్టుకుని కిందికి దించింది.

"చచ్చిన మనిషి కూడా నాకెంత కావాలో అడిగి కొట్టాడురా. బతికున్నవాడివి, నువ్వెప్పుడైనా అడిగావా?"